మాయాబందర్ జెట్టీలో సిద్ధమ్మ

పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద దాసప్ప షెడ్డంటే చుట్టుపక్కల పల్లెల రైతులందరికీ తెలుసు. బావుల మీద పెట్టే ఆయిలింజన్లు బాగు చేయడం ఆయన పని. సోమల నుంచి, చౌడేపల్లె నుంచి ఎద్దులబండ్ల మీద ఇంజన్లు వచ్చేవి. ఎండలు ముదిరితే షెడ్డు ముందర బండ్లు వరసగా నిలబడేవి.

దాసప్పకు ఒక్కతే కూతురు, సిద్ధమ్మ. తల్లి చిన్నప్పుడే పోయింది. ఐదో తరగతితో బడి మానిన తర్వాత ఆ పిల్ల షెడ్డులోనే పెరిగింది. మొదట్లో స్పానర్లు అందించేది. పన్నెండేళ్లకు నట్లు విప్పడం నేర్చింది. పదహారు వచ్చేసరికి ఇంజను చప్పుడు విని జబ్బు ఎక్కడుందో చెప్పేది. దాసప్పకు చెవులు మందగించాక ఆ చెవుల పని కూడా ఆమెదే అయింది.

డెబ్బై నాలుగులో పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు గంగాధరానిది కుప్పం పక్క పల్లె. తండ్రి లేడు. ఇంటి పెత్తనమంతా అన్న చెంగల్రాయుడిది. ఆరెకరాల మెట్ట, అందులో ఒకటిన్నర ఎకరం మల్బరీ, పట్టుపురుగుల పెంపకం. మాటలు పూర్తయి తాంబూలాలు మార్చుకునే ముందు చెంగల్రాయుడు గొంతు సవరించుకున్నాడు.

"పిల్ల బాగుండాది. మాకేం పేచీ లేదు. అయితే ఒక్క మాట. పెండ్లయినాక ఇంజన్లనీ నూనెలనీ చేయి పెట్టకూడదు. మా ఇంట్లో ఆడోళ్లు అట్లాంటి పనులు చెయ్యరు."

దాసప్ప తలూపాడు. లోపల గదిలో కూర్చున్న సిద్ధమ్మకు ఆ మాట వినబడింది. ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు. చుట్టాలు వెళ్లిపోయాక ఆమె తండ్రి దగ్గరకు వచ్చి, "నువ్వు ఒప్పుకున్నావు నాయనా. నేను ఒప్పుకోలేదు" అంది.

"పెద్దోళ్ల విషయంలో అట్లనకూడదు మ్మే" అన్నాడు దాసప్ప.

అయినా ఆమె ఏడాదిన్నర పాటు ఇంజను వైపు పోలేదు. పురుగులకు ఆకు కోసింది, తట్టలు కడిగింది, అత్త బయ్యమ్మతో పాటు వంట చేసింది. గంగాధరం మెత్తని మనిషి. అన్న ముందు నోరెత్తి ఎరుగడు. కొత్త పెళ్లాం ఇంట్లో అంత నిశ్శబ్దంగా ఎందుకు తిరుగుతుందో అతనికి అర్థమయ్యేది కాదు.

డెబ్బై ఆరు ఏప్రిల్‌లో బావి మీద ఇంజను నిలిచిపోయింది. పురుగులు నాలుగో జ్వరం దాటి, అంటే నాలుగోసారి పొర విడిచి, ఆకును కరకరమని నమిలేస్తున్న రోజులవి. తోటకు తడి లేక ఆకు వాడిపోతోంది. చెంగల్రాయుడు రెండుసార్లు బస్సెక్కి కుప్పం పోయాడు. మెకానిక్ ఏదో పెళ్లికి పోయాడు, మూడు రోజులకు గానీ రాడని చెప్పారు. మూడో రోజు పొద్దున మళ్లీ పోయాడు. మధ్యాహ్నానికి పురుగులు తలలెత్తి ఆకు కోసం వెతకడం సిద్ధమ్మ చూసింది. చీర కొంగు నడుముకు దోపి, ఇంట్లో ఉన్న నాలుగు స్పానర్లు తీసుకుని బావి మెట్లు దిగింది. నీటికి పైన రాతి అరుగు మీద ఉంది ఇంజను. గంగాధరం వెనకే వచ్చి, ఆమె విప్పిన నట్లను పంచె మడతలో పట్టుకుని నిలబడ్డాడు.

నూనె చిమ్మే నాజిల్ మసిపట్టి మూసుకుపోయింది. కిరసనాయిల్లో నానబెట్టి, సన్నని తీగతో పొడిచి, గుడ్డతో తుడిచి బిగించింది. హ్యాండిల్ నాలుగు తిప్పులు తిప్పేసరికి ఇంజను దగ్గి, పట్టుకుంది. పైన గొట్టంలోంచి నీళ్లు దూకాయి. పక్క పొలాల వాళ్లు బావి చుట్టూ చేరి తొంగిచూశారు.

చెంగల్రాయుడు ఒట్టిచేతులతో తిరిగి వస్తూ గట్టు మీదనే ఆ చప్పుడు విన్నాడు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని పంచలో కూర్చున్న తర్వాత అన్నాడు.

"ఊరంతా నవ్వతాండారు. చెంగల్రాయుడి మరదలు బాయిలో దిగి ఇంజను తిప్పిందంట అని."

"నీళ్లొచ్చినాయి కద బావా."

"రాకపోయినా బాగుండు."

సిద్ధమ్మ ఆయన వైపు చూసింది. మూడు రోజులుగా పురుగుల తట్టల దగ్గర నిద్ర మానుకుని కూర్చున్న మనిషి ఆయన. అవి చచ్చిపోయినా పరవాలేదంటున్నాడు.

"ఇంకోసారి ఆ పని చేయనని అమ్మ మీద ఒట్టేయి" అన్నాడు చెంగల్రాయుడు.

"వెయ్యను. రేపు మళ్లీ నిలిచిపోతే మళ్లీ దిగతా."

"అట్లయితే నీకు ఈ ఇంట్లో చోటు లేదు."

బయ్యమ్మ కొడుకు వైపూ కోడలి వైపూ మార్చి మార్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిద్ధమ్మ లోపలికి పోయి ట్రంకుపెట్టె తీసింది. చీరలు సర్దుతుంటే బయట గంగాధరం గొంతు వినబడింది.

"నేనూ పోతాండాను అన్నా."

చాలా ఏళ్ల తర్వాత, ఆ రోజు అంత ధైర్యం ఎట్లా వచ్చిందని ఎవరో అడిగితే గంగాధరం చెప్పాడు, బావిలో ఆమె ముఖం చూశానని. ఏడాదిన్నరలో ఇంట్లో ఒక్క రోజు కూడా ఆ ముఖం చూడలేదని.

చెంగల్రాయుడి మాటకు తలూపిన నాయన దగ్గరకు పోవడానికి సిద్ధమ్మ ఒప్పుకోలేదు. ఇద్దరూ మదనపల్లె చేరి నీరుగట్టువారిపల్లెలో మగ్గాలవాళ్ల మధ్య ఒక గది అద్దెకు తీసుకున్నారు. గంగాధరానికి కూరగాయల మండీలో మూటలు దించి ఎక్కించే చోట పని దొరికింది. సిద్ధమ్మ బస్టాండు చుట్టూ ఉన్న వర్క్‌షాపులన్నీ తిరిగింది. ఒక చోట నవ్వారు. ఒక చోట ఊడ్చే పని ఉందన్నారు. ఇంకొక చోట ఓనరు, "నువ్వు ఈడ కూర్చుంటే మా పిలకాయలు పని మానేసి నిన్నే సూస్తా ఉంటారమ్మా" అన్నాడు.

"కండ్లు వాళ్లవి. మూసుకోమను" అని ఆమె బయటికి వచ్చేసింది. అక్కడ కూడా పని దొరకలేదు.

ఆరు నెలలు అట్లాగే గడిచాయి. మండీకి వచ్చే లారీ డ్రైవరు ఒకడు గంగాధరానికి ఒక కబురు చెప్పాడు. మద్రాసు వ్యాపారి ఒకాయన అండమాన్ దీవుల్లోని కొట్లకు పడవ మీద సరుకులు పంపుతాడట, సరుకు చూసుకునేందుకు నమ్మకమైన మనిషి కావాలట. గంగాధరం భయం భయంగానే ఆ సంగతి ఇంట్లో చెప్పాడు. ఇద్దరిలో ఎవరూ అంతవరకు సముద్రం చూడలేదు.

"ఆ పడవ తెడ్లతో పోతాదా, ఇంజనుతోనా?" అని అడిగింది సిద్ధమ్మ.

"ఇంజనంట."

"అయితే పోదాం."

డెబ్బై ఏడు జనవరిలో మద్రాసు రేవులో ఓడ ఎక్కారు. ప్రయాణం పొడుగునా గంగాధరం తల ఎత్తలేదు. నీళ్లు తాగినా వాంతి. సిద్ధమ్మ అతనికి నిమ్మకాయ చేతికిచ్చి, ఓడ ఇంజను గది పైనున్న ఇనుప జల్లెడ దగ్గరకు పోయి కూర్చునేది. కింద నుంచి వేడిగాలీ నూనె వాసనా వచ్చేవి. పుట్టింటికి పోయినట్టు ఉందని ఆమె అంటే గంగాధరం కళ్లు మూసుకునే నవ్వాడు.

పోర్ట్ బ్లెయిర్‌లో వాళ్ల కోసం ఎదురు చూస్తున్న పడవ నలభై అడుగుల కొయ్య పడవ. లోపల రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను. పడవ నడిపే సారంగు గోవిందస్వామి. యాభై దాటిన మనిషి, పుట్టింది కడలూరు. తల్లిది వి.కోట కాబట్టి తెలుగు వచ్చు. ఇంజను డ్రైవరు రాంచీ వైపు నుంచి వచ్చినవాడు. ఉండేందుకు ఇల్లు దొరికేదాకా భార్యాభర్తలు పడవ వెనక భాగంలో టార్పాలిన్ కింద ఉండవచ్చని గోవిందస్వామి అన్నాడు. అట్లా మూడు నెలలనుకున్నది ఏడాది దాటింది.

పదిహేను రోజులకొక చుట్టు. పోర్ట్ బ్లెయిర్‌లో బియ్యం, కిరసనాయిలు, ఉప్పు, చక్కెర ఎక్కించుకుని నీల్, హావ్‌లాక్, లాంగ్ ఐలాండ్, రంగత్, మాయాబందర్ దాకా పోయి తిరిగి రావడం. కుప్పం పక్కన పన్నెండు నిలువుల లోతు బావిలోంచి నీళ్లు చేదిన సిద్ధమ్మకు మొదట్లో అంత నీటిని చూస్తే కోపం వచ్చేది. తర్వాత తర్వాత ఆ కోపం పోయింది. తెల్లవారేసరికి నీళ్లు పాలపిట్ట రెక్కల రంగులో ఉండేవి. ఎండ ఎక్కే కొద్దీ అడుగున ఇసుక, ఇసుక మీద పడవ నీడ కనబడేవి. కొన్ని చోట్ల పడవ వాగుల్లాంటి ఇరుకు దారుల్లో పోయేది. రెండు వైపులా మడచెట్లు వేళ్లను నీళ్లలోకి చాచి నిలబడి ఉండేవి. చలి అనేది లేదు. వాన కూడా గోరువెచ్చగా పడేది. చీర తడిస్తే ఒంటి మీదే ఆరిపోయేది.

ప్రతి దీవిలో జనం జెట్టీ మీదకొచ్చి నిలబడేవాళ్లు. బెంగాలీలు, అరవవాళ్లు, బర్మా నుంచి వచ్చిన కరెన్ జాతివాళ్లు. బియ్యం కంటే ముందు ఉత్తరాలు అడిగేవాళ్లు. సిద్ధమ్మ నాలుగు నెలల్లో వాళ్లతో మాట్లాడేంత హిందీ పట్టేసింది. ఒక ముసలావిడ ఆమెకు పనసకాయ ఇస్తే, మళ్లీ వచ్చినప్పుడు పనస గింజల కూర వండి తీసుకుపోయి ఇచ్చింది. ఊరు విడిచి వచ్చామన్న దిగులు గంగాధరానికి ఉండేది గానీ ఆమెకు ఉండేది కాదు. దిగులు పడేందుకు వెనక ఏం మిగిలిందని అనేది.

మరుసటి ఏడు మే నెలాఖరున వానలు మొదలయ్యాయి. లాంగ్ ఐలాండ్ దాటి ఉత్తరంగా పోతున్నారు. ఇంజను డ్రైవరు మలేరియా జ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. సరుకు మోసే కుర్రాడొకడు ఇంజను చూస్తున్నాడు. పొద్దున్నుంచి ఆ చప్పుడులో తేడా ఉందని సిద్ధమ్మకు అనిపిస్తూనే ఉంది.

"డీజిల్లో నీళ్లు కలిసినట్టుండాది. ఒకసారి టాంకు అడుగు సూడండి" అని చెప్పింది. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు పొగగొట్టంలోంచి తెల్లపొగ వచ్చింది. ఇంజను రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. గాలి పడవను ఒడ్డు వైపు నెట్టసాగింది. ఆ ఒడ్డు ముందు నీళ్లలో మునిగిన రాళ్లున్నాయి. అలలు వాటి మీద విరిగి తెల్లగా లేస్తున్నాయి. గోవిందస్వామి లంగరు వేయించాడు. లంగరు పట్టలేదు, అడుగున ఈడ్చుకుపోతోంది.

సిద్ధమ్మ ఎవరినీ అడగకుండా ఇంజను గదిలోకి దిగింది. టాంకు అడుగు మర తిప్పితే డీజిల్‌కు ముందు నీళ్లొచ్చాయి. నీళ్లన్నీ పోయేదాకా వదిలింది. ఫిల్టరు విప్పి కడిగింది. పడవ ఊగినప్పుడల్లా స్పానరు జారి వేళ్లకు తగిలేది. చిటికెన వేలి గోరు ఊడిందని తర్వాత చూసుకుంది గానీ అప్పుడు తెలియలేదు. గొట్టంలో చేరిన గాలి పోయేదాకా పంపును చేత్తో కొట్టి, బుడగలు ఆగి నూనె ధారగా వచ్చిన తర్వాత నట్టు బిగించింది.

"తిప్పండి" అంది.

గంగాధరం, కుర్రాడు కలిసి హ్యాండిల్ తిప్పారు. మొదటిసారి పట్టలేదు. రెండోసారి పట్టలేదు. మూడోసారి ఒక సిలిండరు పట్టుకుంది, దాని వెనకే రెండోది. గోవిందస్వామి చుక్కాని తిప్పి పడవను మళ్లించేటప్పటికి రాళ్ల మీది నాచు కూడా కనబడుతోంది.

మాయాబందర్ చేరాక గోవిందస్వామి ఇంజను గది తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, "అమ్మా, ఇక నుంచి ఈ గది నీది" అన్నాడు. జ్వరం తగ్గిన డ్రైవరు సొంతూరు పోయి మళ్లీ రాలేదు. నాలుగు నెలల పాటు ఆ ఇంజనును సిద్ధమ్మే నడిపింది.

ఆ సంగతి మద్రాసు చేరింది. పడవ ఓనరైన వ్యాపారి తనే బయల్దేరి వచ్చి మాయాబందర్ జెట్టీలో పడవను అందుకున్నాడు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. ఇంజను గదిలోంచి పైకి వచ్చిన సిద్ధమ్మను చూసి, ఆమెతో కాకుండా గోవిందస్వామితో మాట్లాడాడు.

"ఆడమనిషి ఇంజను నడుపుతోందని తెలిస్తే నా పడవలో సరుకెవరు వేస్తారు?"

"నాలుగు నెలల్నుంచి వేస్తానే ఉండారు" అంది సిద్ధమ్మ. "ఒక్క మూటన్నా తడిసిందేమో, ఒక్క రోజన్నా ఆలస్యమైందేమో అడగండి."

ఓనరు గంగాధరం వైపు తిరిగి, "నీ భార్యకు నువ్వైనా చెప్పుకో" అన్నాడు.

"ఎదురుగానే ఉండాది కద. ఆమెకే చెప్పండి" అన్నాడు గంగాధరం.

ఓనరు కాసేపు గొడుగు కొనతో జెట్టీ చెక్కలను పొడుస్తూ ఆలోచించాడు. తర్వాత దారి దొరికినట్టు చెప్పాడు. పని ఆమెనే చేసుకోమన్నాడు. అయితే డ్రైవరుగా పేరు మాత్రం గంగాధరానిది ఉంటుంది, రేవులో ఉన్నప్పుడు ఆమె పైకి కనబడకూడదు.

గోవిందస్వామి ఒప్పుకోమన్నట్టు కళ్లతో సైగ చేశాడు. సిద్ధమ్మ అది చూసింది.

"పని నాదయితే పేరూ నాదే. దాచిపెట్టి చేసేదానికి నేను దొంగతనం చేస్తా లేదు" అంది.

గంట తర్వాత ట్రంకుపెట్టె, కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలతో భార్యాభర్తలు జెట్టీ మీద నిలబడి ఉన్నారు. పడవ వాళ్లు లేకుండానే కదిలింది. అంతసేపూ గట్టిగా నిలబడ్డ సిద్ధమ్మ, అది మలుపు తిరిగి కనబడకుండా పోయాక పెట్టె మీద కూర్చుండిపోయింది. గంగాధరం పక్కన కూర్చుని, "ఈడే ఉందామా?" అన్నాడు. ఆమె తల ఊపింది.

చేపల కొట్ల వెనక ఒక రేకుల షెడ్డు దొరికింది. సగం వాన లోపలే పడేది. గంగాధరం జెట్టీ గోడౌన్‌లో పనికి కుదిరాడు. ఆ రేవులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జాలరులు చాలామంది ఉన్నారు. వాళ్ల తెలుగుకు ఈమె, ఈమె తెలుగుకు వాళ్లు నవ్వుకునేవాళ్లు. వాళ్ల డోంగీలనే చిన్న పడవలకు ఉన్నవి ఒంటి సిలిండరు ఇంజన్లు, అచ్చం బావుల మీద ఉండేలాంటివే. కానీ ఆమెకు పనివ్వవద్దని ఓనరు మనుషులు అందరికీ చెప్పి పెట్టారు. రెండు నెలలు ఒక్కరూ రాలేదు.

సిద్ధమ్మ రోజూ పొద్దున్నే పనిముట్ల సంచీ పెట్టుకుని జెట్టీ చివర కూర్చునేది. వచ్చిన ప్రతి డోంగీ చప్పుడూ విని, అడగకపోయినా జబ్బు చెప్పేది. "అన్నా, నీ టాపెట్లు వదులైనాయి." "నీ ఇంజను నూనె తాగతాండాది, రింగులు మార్చుకో." కొందరు విసుక్కున్నారు. కొందరు ఇంటికి పోయి విప్పి చూసుకుని, ఆమె చెప్పింది నిజమేనని తెలుసుకుని కూడా బయటికి చెప్పలేదు.

మొదట వచ్చింది అంజమ్మ. కొడుకు చనిపోయాక అతని డోంగీని తనే కూలివాళ్లను పెట్టి నడిపిస్తున్న ముసలి జాలరి.

"నువ్వు బాగు సేస్తావేటి?" అంది.

"చేస్తా."

"అయితే సెయ్యి. నాకెవులు సెప్పేది? నా పడవ నాది."

ఆ డోంగీ మరునాడే సముద్రం మీదకు పోయింది. వారం తిరిగేసరికి ఇంకో మూడు వచ్చాయి. ఏడాదికి రేకుల షెడ్డు ముందు డోంగీ ఇంజన్లు వరసగా ఉండేవి. ఎనభైలో కూతురు పుట్టింది. ఇందిర అని పేరు పెట్టారు. ఆ పిల్లకు నాలుగేళ్లకే ఈత వచ్చింది. సిద్ధమ్మకు ఎప్పటికీ రాలేదు.

ఎనభై రెండులో గోవిందస్వామి ఓనరు దగ్గర మానేసి, దాచుకున్నదంతా పెట్టి ఒక పాత పడవ కొన్నాడు. దాన్ని మాయాబందర్ తెచ్చి కట్టి నేరుగా షెడ్డుకు వచ్చాడు.

"ఆ రోజు ఒప్పుకోమని సైగ చేసినాను. తప్పు నాది" అన్నాడు. "ఇంజను డ్రైవరు కావాల నాకు. పేరు నీదే రాయిస్తా."

రాయించాడు. చుక్కాని గది పక్క చెక్క మీద హిందీలో, అరవంలో, తెలుగులో: సారంగు గోవిందస్వామి, ఇంజను డ్రైవరు సిద్ధమ్మ. ఆమె పోర్ట్ బ్లెయిర్ పోయి పరీక్ష కూడా ఇచ్చింది. మొదటిసారి హిందీలో అడిగిన ప్రశ్నలు అర్థం కాక తప్పింది. రెండోసారి సర్టిఫికెట్టుతో తిరిగి వచ్చింది. కొందరు వ్యాపారులు ఆ పేరు చూసి సరుకు వేయలేదు. "వెయ్యనోళ్లు వెయ్యకపోనీ, పేరు చెరపొద్దు" అంది. చెప్పిన రోజుకు చెప్పిన చోట పడవ వస్తుండడంతో వాళ్లలోనూ సగం మంది తర్వాత వచ్చారు.

ఎనభై ఐదు జనవరిలో చెంగల్రాయుడు వచ్చాడు. ముందు ఉత్తరం రాసి, కుప్పంలో రైలెక్కి, మద్రాసులో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. చంకలో బయ్యమ్మ పంపిన రాగిపిండి మూట. జుట్టు చాలా వరకు నెరిసింది. తమ్ముడి కోసం చూస్తున్న ఆయన ముందుకు నూనె మరకల చీరతో సిద్ధమ్మ వచ్చి, "ఆయన మాయాబందర్‌లో ఉండాడు బావా. రాండి, నేను తీసుకుపోతా" అంది.

మొదటి రోజు ఆయన కడుపు తిప్పి లేవలేదు. రెండో రోజు లేచి గంజి తాగి, పడవ అంచున కూర్చున్నాడు. "ఇన్ని నీళ్లా" అన్నాడు. హావ్‌లాక్ దగ్గర చేయి ముంచి నాలుక మీద వేసుకుని ఊసేశాడు. "ఇన్ని నీళ్లుండీ ఒక సాలు పైరుక్కూడా పనికిరావు."

ఆ మధ్యాహ్నం చాలాసేపు ఇంజను గది తలుపు దగ్గర కూర్చుని, లోపల ఆమె నూనె పోయడం, చప్పుడు వినడం, చక్రం మీద చేయి వేసి వేడి చూడడం గమనించాడు. ఏమైనా అంటాడేమోనని సిద్ధమ్మ ఎదురు చూసింది. పొద్దు వాలాక ఆయన లేచి మళ్లీ పడవ అంచుకు పోయాడు.

మాయాబందర్‌లో తమ్ముడి ఇంట్లో భోజనం చేసిన తర్వాత వచ్చిన పని చెప్పాడు.

"అమ్మకు కండ్లు సరిగా కనపడటం లేదు. రెండేండ్లుగా వానల్లేవు, బాయి అడుగంటింది. నేను ఒక్కణ్ణే యాడని సూసేది? మీరు వచ్చేయండి. జరిగిందేదో జరిగింది. ఊరోళ్లకు నేను చెప్పుకుంటా."

"ఏమని చెప్తావు బావా?"

"ఈ పనులన్నీ మానేసి వచ్చిందని."

"మానను కద."

చెంగల్రాయుడు తమ్ముడి వైపు చూశాడు. గంగాధరం కళ్లలో నీళ్లున్నాయి. తల్లి సంగతి వినగానే వచ్చిన నీళ్లవి. తల్లి కోసం బావ రమ్మనడం అన్యాయమేమీ కాదని సిద్ధమ్మకు తెలుసు. అయినా దానితో కలిపి అడుగుతున్న రెండోది, పని మానడం, తను ఇవ్వలేనిది.

"ఈడ నీకు ఎవరుండారమ్మా?" అన్నాడు చెంగల్రాయుడు. "సుట్టమా పక్కమా."

"ఆడ మాత్రం ఎవరుండారు? బాయిలో దిగిన పొద్దు ఈయన తప్ప ఒక్కరన్నా నా పక్క మాట్లాడినారా? అత్తను ఈడికి పంపించు. నేను సూసుకుంటా."

"ముసలామె సముద్రం దాటి వస్తాదా?"

"నేను రాలేదా బావా?"

మరునాడు సిద్ధమ్మే భర్తతో, "నువ్వు పోయి అమ్మను సూసిరా. ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉండు. నేనూ పాపా ఈడే ఉంటాం" అని చెప్పింది. గంగాధరం అన్నతో కలిసి వెళ్లాడు. వెళ్లేటప్పుడు చెంగల్రాయుడు ఇందిర తల నిమిరాడు గానీ, మరదలితో పోయొస్తానని చెప్పలేదు.

గంగాధరం మూడు నెలలకు తిరిగి వచ్చాడు. అతను తిరిగి వస్తాడని ఆమెకు నమ్మకమే, అయినా ఓడ వచ్చిన ప్రతిసారీ ప్రయాణికుల్లో వెతుక్కుంది. తల్లికి కుప్పంలో కంటి ఆపరేషన్ చేయించానని, ఇప్పుడు మనుషుల్ని గుర్తుపడుతోందని చెప్పాడు. రావడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదట. తర్వాత కాస్త తటపటాయించి ఇంకో సంగతి చెప్పాడు.

"అన్న ఊర్లో అందరికీ నువ్వు టీచరువని చెప్పినాడు."

"టీచరా?"

"ఈడ స్కూల్లో పిల్లోళ్లకు చదువు చెప్తాండావని. నా ముందరే చెప్పినాడు. నేను కాదంటే నలుగురిలో ఆయన తల దించుకోవాల. ఊరకుండిపోయినా."

సిద్ధమ్మ మొదట నవ్వింది. ఐదో తరగతి చదివిన టీచరు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. పడవలో అంతసేపు కూర్చుని తన చేతులను చూసిన మనిషి, ఊరికి పోయి ఆ చేతులకు సుద్దముక్క పెట్టాడు. అవమానం కన్నా ఎక్కువగా కష్టం అనిపించింది. ఆ మధ్యాహ్నం వంట ముట్టకుండా జెట్టీ పోస్టాఫీసుకు పోయింది. మూసి అతికించే ఇన్‌లాండ్ ఉత్తరం ఇస్తానంటే వద్దని కార్డు అడిగి తీసుకుంది. షెడ్డులో కూర్చుని, తను టీచరు కాదని, పడవ ఇంజను డ్రైవరని పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది.

గంగాధరం భుజం మీద నుంచి చదివాడు. "కార్డయితే పోస్టుమాన్ చదువుతాడు. టీ అంగట్లో చదివి వినిపిస్తాడు. ఊరంతా తెలుస్తాది."

"అందుకే కార్డు" అంది సిద్ధమ్మ.

చెంగల్రాయుడు జవాబు రాయలేదు. ఆమె మరుసటి నెల ఇంకో కార్డు రాసింది. ఆ పై నెల ఇంకొకటి. పడవ ఎక్కడెక్కడికి పోయింది, ఏ ఇంజనుకు ఏం జబ్బు వచ్చింది, ఏం చేస్తే తగ్గింది, అన్నీ రాసేది. రెండేళ్ల తర్వాత గంగాధరానికి ఆ ఊరి నుంచి వరసకు తమ్ముడయ్యే ఒకతను ఉత్తరం రాశాడు. నెల మొదటి వారం వస్తే టీ అంగట్లో మాయాబందర్ కార్డు వచ్చిందా అని పోస్టుమాన్‌ను అడుగుతున్నారట. చదవడం అయిపోయాక చెంగల్రాయుడన్న వచ్చి కార్డు తీసుకుని ఇంటికి పోతున్నాడట.

ఆ నెల సిద్ధమ్మ రాసిన కార్డు ఇది.

"బావకు, అత్తకు సిద్ధమ్మ రాయడమేమనగా, ఇక్కడ అందరం క్షేమం. ఈ నెల డిగ్లీపూర్ దాకా రెండుసార్లు పోయి వచ్చినాం. గాలి ఎక్కువగా ఉండింది. పంపు సీలు పోతే దారిలో నేనే మార్చినాను. పాప రెండో తరగతి పాసయింది. గోవిందస్వామి అన్న కండ్లకు మసక వస్తాండాది కాబట్టి చుక్కాని కూడా నాకు నేర్పిస్తాండాడు. అది కూడా వచ్చినాక రాస్తాను. ఇట్లు, సిద్ధమ్మ, ఇంజను డ్రైవరు, మాయాబందర్."